బిల్లులో 186 డాలర్ల వరుస: మా కాలనీ మెయింటెనెన్స్ డిస్ట్రిక్ట్ సేవలపై పదేళ్ల సమీక్ష

మేము కాలిఫోర్నియాలో ఇల్లు కొన్నది 2015లో. ఆ ఏడాది అక్టోబరులో కౌంటీ నుంచి వచ్చిన మొదటి ఆస్తిపన్ను బిల్లులో ఇంటి విలువ మీద వేసే ఒక శాతం పన్ను, బడుల బాండ్ల తాలూకు చిన్న మొత్తాలు సులభంగానే అర్థమయ్యాయి. వాటి కింద 'లాండ్‌స్కేప్, లైటింగ్' అని పొట్టిగా ఒక వరుస, దాని ఎదుట 186 డాలర్లు కనిపించాయి. ఇల్లు చూపించిన ఏజెంటును అడిగితే అది కాలనీ ఖర్చని ఒక్క మాటలో తేల్చేశారు. కానీ మా కాలనీకి ఇంటి యజమానుల సంఘమే లేదు. మరి ఈ డబ్బు ఎవరికి చేరుతోంది, దానికి బదులుగా మాకు ఏమి అందుతోంది అన్న ప్రశ్నతో మొదలైన పరిశీలన పదేళ్లు సాగింది. ఇక్కడ రాస్తున్నది ఆ సేవ గురించి, ఒక వినియోగదారుడిగా నేను చూసినది. అక్కడ పనిచేస్తున్న వారిలో చాలామంది నిజాయితీపరులు కాబట్టి ఊరి పేరు, డిస్ట్రిక్ట్ పేరు రాయడం లేదు.

ముందుగా ఇది ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది దీన్ని ఇంటి యజమానుల సంఘం రుసుముతోనో, మెల్లో-రూస్ పన్నుతోనో కలిపేసి మాట్లాడుతుంటారు. యజమానుల సంఘం ప్రైవేటు సంస్థ. అది చూసుకునేది సంఘానికి చెందిన ఉమ్మడి స్థలాన్ని. మెల్లో-రూస్ 1982 నాటి చట్టం కింద వేసే ప్రత్యేక పన్ను. దానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. మా బిల్లులో ఉన్నది ఈ రెండూ కాదు, అసెస్‌మెంట్. నగరానికి చెందిన రోడ్లు, డివైడర్లు, చెట్లు, దీపాల మీద, నగరం మామూలుగా చేసే పనికి పైన మరికొంత పని చేయించుకోవడానికి ఆ చుట్టుపక్కల ఆస్తులున్నవారు కట్టుకునే సొమ్ము ఇది. డిస్ట్రిక్ట్ అంటే ఇక్కడ జిల్లా కాదు, ఇలా సొమ్ము కట్టే ఆస్తులన్నీ కలిసిన ప్రాంతం. రాష్ట్రంలో ఇలాంటి డిస్ట్రిక్టులు ఎక్కువగా 1972 నాటి లాండ్‌స్కేపింగ్, లైటింగ్ చట్టం కింద ఏర్పడ్డాయి. 1978లో ప్రొపొజిషన్ 13, అంటే ఓటర్లు నేరుగా ఓటు వేసి ఆమోదించిన ప్రతిపాదన, ఆస్తిపన్నును ఒక శాతానికి కట్టడి చేసి, పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏటా రెండు శాతానికి మించి పెరగకుండా ఆపిన తర్వాత, చేతిలో డబ్బు తగ్గిన నగరాలకు ఈ చట్టం పెద్ద ఆసరా అయింది. నగరాలు దాన్ని అతిగా వాడుకుంటున్నాయని జనంలో పెరిగిన అసంతృప్తి ఫలితమే 1996 నవంబరులో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 218 అనే రాష్ట్ర రాజ్యాంగ సవరణ.

ఆ సవరణ పెట్టిన నియమాలు చదివాక ఈ సేవ మీద నాకు గౌరవం కలిగిందని చెప్పాలి. ఒక ఆస్తికి ప్రత్యేకంగా కలిగే ప్రయోజనానికి మాత్రమే అసెస్‌మెంట్ వేయాలి. ఊరందరికీ కలిగే సాధారణ ప్రయోజనాన్ని విడదీసి, ఆ వాటాను వేరే నిధుల నుంచి భరించాలి. ఈ లెక్కను రాష్ట్రంలో నమోదైన ఇంజనీరు ఒక నివేదికగా ధ్రువీకరించాలి. ప్రతి యజమానికీ అతను కట్టవలసిన మొత్తంతో నోటీసు, ఓటుపత్రం పంపి, కనీసం 45 రోజుల తర్వాత బహిరంగ విచారణ జరపాలి. ఓట్లను తలల లెక్కన కాక డాలర్ల లెక్కన కూడుతారు. ఏటా వంద డాలర్లు కట్టే కాండో (అపార్ట్‌మెంట్ ఇల్లు) యజమాని ఓటుకు వంద పాళ్ల బరువు ఉంటే, ఇరవై వేలు కట్టే దుకాణ సముదాయం ఓటుకు ఇరవై వేల పాళ్ల బరువుంటుంది. తిరిగి వచ్చిన ఓటుపత్రాలనే లెక్కిస్తారు కాబట్టి, నోటీసును ప్రకటనల కాగితాలతో కలిపి చెత్తబుట్టలో వేసినవారి అభిప్రాయం ఎటూ చేరదు. పైగా ఇది రహస్య ఓటు కాదు. లెక్కింపు మొదలైన తర్వాత ఆ పత్రాలు ఎవరైనా అడిగి చూడదగిన ప్రభుత్వ దస్తావేజులు.

ఇక పని నాణ్యత. పెద్ద రోడ్డు పక్కన కాలిబాట వెంబడి ఉన్న నేల, రెండు డివైడర్లు, వాగు గట్టున నడకదారి, 200కు పైగా చెట్లు, అలంకార దీపస్తంభాలు మా డిస్ట్రిక్ట్ పరిధిలో ఉన్నాయి. కాంట్రాక్టరు మనుషులు వారానికి ఒకసారి వచ్చి చెత్త ఏరుతారు, కాలిబాట ఊడుస్తారు, కలుపు తీస్తారు. గోడల మీద రాతలు కనిపించాయని కబురు పెడితే రెండు మూడు రోజుల్లో చెరిపేస్తారు, అది మెచ్చుకోదగిన వేగం. పక్కనే డిస్ట్రిక్ట్ లేని కాలనీలో ఇదే పనికి నెల దాటడం నేను చూశాను. దీపాల విషయంలో అంత సంతృప్తి లేదు. కొన్ని స్తంభాలు నగరానివి, కొన్ని విద్యుత్ సంస్థవి. వెలగని దీపం గురించి ఫోన్ చేస్తే ఒకరు మరొకరి మీదకు నెడతారు. స్తంభానికి కొట్టిన రేకు మీది సంఖ్యను ఫోటో తీసి పంపడం నేర్చుకున్నాక ఆ తిప్పలు చాలావరకు తగ్గాయి.

ఈ సేవను నేను మొదట అర్థం చేసుకున్నది డివైడర్ల దగ్గర. మేము కాలనీలోకి వచ్చిన ఏడాదే, 2015 ఏప్రిల్‌లో, కరవు కారణంగా గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఇచ్చిన ఉత్తర్వు రోడ్ల మధ్య అలంకారంగా పెంచిన గడ్డికి తాగునీటితో తడి పెట్టడాన్ని నిషేధించింది. జూలై నాటికి మా రెండు డివైడర్లు ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. పచ్చదనం కోసం డబ్బు కడుతూ ఎండిపోయిన గడ్డిని చూడవలసి రావడం చాలామందికి కోపం తెప్పించింది. ఆ కోపంలో నేనూ ఒకణ్ణి. కానీ నీళ్లు ఆపడం వల్ల మిగిలిన సొమ్మును డిస్ట్రిక్ట్ మరో పనికి మళ్లించకుండా నిల్వలో వేసింది. ఆ నిల్వతోనే 2018లో గడ్డిని పెళ్లగించి, తక్కువ నీటితో బతికే స్థానిక మొక్కలు, బొట్లు బొట్లుగా నీరిచ్చే గొట్టాలు వేయించింది. ఈ పదేళ్లలో వాళ్లు చేసిన అన్నిటికన్నా మంచి పని అదే. ప్రభుత్వ సంస్థల స్థలాల్లో ఉపయోగం లేని పచ్చికకు తాగునీరు పెట్టకూడదన్న 2023 నాటి చట్టం 2027 జనవరి 1 నుంచి వర్తిస్తుంది. ఆ గడువుకు ఇప్పుడు హడావిడి పడుతున్న డిస్ట్రిక్టులతో పోలిస్తే మాది ఎంతో ముందుంది.

ఆ తర్వాత నాణ్యత మెల్లగా పడిపోవడం మొదలైంది. మొదట కాంట్రాక్టరు బద్ధకించాడనుకున్నాను. అసలు కారణం బిల్లులోనే ఉంది. 2015లో 186 డాలర్లు, 2025లోనూ 186 డాలర్లు. మా డిస్ట్రిక్ట్ ప్రొపొజిషన్ 218 కన్నా ముందు ఏర్పడింది, దాని గరిష్ఠ రేటును ధరల సూచీతో ముడిపెట్టలేదు. ఆ రేటు పెంచాలంటే యజమానుల ఓటు తప్పనిసరి. ఈ పదేళ్లలో నీటి ధర పెరిగింది, కూలీల వేతనాలు పెరిగాయి, రాబడి మాత్రం కదలలేదు. అలాంటప్పుడు ఎవరైనా ముందు కంటికి కనిపించని పని తగ్గిస్తారు. చెట్ల కొమ్మలు కత్తిరించే పని రెండేళ్లకు ఒకసారి జరిగేది, క్రమంగా ఐదేళ్లకు పోయింది. వారానికి రెండుసార్లు ఊడ్చే కాలిబాటను ఒకసారికి దించారు. నడకదారి వెంట చనిపోయిన 14 చెట్ల చోట కొత్తవి నాటలేదు. చెట్టు పోయిన గుంతను సిమెంటుతో మూసేసిన రోజు నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే సాయంత్రం పూట మా అమ్మ ఆ చెట్టు నీడనే నడిచేది.

ఇంతవరకూ చెప్పినవన్నీ డబ్బు చాలకపోవడం వల్ల వచ్చిన లోపాలు. వాటిని నేను క్షమించగలను. క్షమించలేనిది మరొకటి ఉంది, ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే. డిస్ట్రిక్ట్ అమ్మేది అదనపు సేవ. అదనం అనే మాటకు అర్థం ఉండాలంటే దాని కింద ఒక అడుగుమట్టం ఉండాలి. అంటే నగరం ప్రతి వీధికీ, డిస్ట్రిక్ట్ ఉన్నా లేకున్నా, తన సొంత నిధులతో చేసే పని ఇంత అని రాసి ఉండాలి. 2019లో నగరం మా పెద్ద రోడ్డు మీద నెలకు రెండుసార్లు తిరిగే ఊడ్పు యంత్రాన్ని ఒకసారికి తగ్గించింది. డిస్ట్రిక్ట్ పనుల మీద నగరానికి సూచనలిచ్చే సలహా సంఘం సమావేశంలో నేను కారణం అడిగితే, ఆ వీధిని డిస్ట్రిక్ట్ మనుషులు ఎలాగూ ఊడుస్తున్నారు కదా అన్నది ఒక అధికారి జవాబు. ఆయన ఆ మాటను తప్పుగా భావించలేదు, సహజమైన పొదుపుగానే చెప్పారు. కానీ ఆ ఒక్క జవాబుతో మేము కడుతున్న 186 డాలర్ల స్వభావమే మారిపోయింది. మేము అదనపు సేవ కొనడం మానేసి, అందరూ పన్నుల ద్వారా ఇప్పటికే కట్టిన సేవకు రెండోసారి కట్టడం మొదలుపెట్టామన్న మాట.

ఆ రోజు ఇంటికి వచ్చి నగర గుమాస్తా కార్యాలయం వెబ్‌సైటులో ఇంజనీరు నివేదిక తెచ్చుకుని చదివాను. ఎవరూ చదవరన్న ధీమాతో రాసినట్టున్న ఆ 60 పేజీల్లో రెండు విషయాలు దొరికాయి. డిస్ట్రిక్ట్ సేవలు నగరపు ప్రామాణిక సేవకు పైన అదనంగా ఉంటాయని స్పష్టంగా రాసి ఉంది, కానీ ఆ ప్రామాణిక సేవ ఎంతో ఎక్కడా లేదు. రెండోది, ఆ రోడ్డును మా కాలనీ బయటివారు కూడా వాడతారు కాబట్టి ఖర్చులో ఎనిమిది శాతం సాధారణ ప్రయోజనమని, దాన్ని నగరం భరించాలని లెక్క ఉంది. వార్షిక బడ్జెట్ తీసి చూస్తే ఆ ఎనిమిది శాతం జమ ఒక ఏడాది అసలు కనిపించలేదు. నేను ఉత్తరం రాశాను, రెండు వార్షిక విచారణల్లో మూడేసి నిమిషాలు మాట్లాడాను. చివరకు జమ పడని సొమ్మును తర్వాతి ఏడాది బడ్జెట్‌లో చేర్చారు. పొరపాటు అన్నారు, నేను నమ్మాను కూడా. ఊడ్పు యంత్రం మాత్రం నెలకు ఒకసారే తిరుగుతోంది.

సాధారణ ప్రయోజనాన్ని విడదీయడం కాగితపు లాంఛనం కాదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. 2008లో శాంతా క్లారా కౌంటీ ఖాళీ స్థలాల సంస్థ వేసిన అసెస్‌మెంట్‌ను రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, ఇలాంటి లెక్కలను న్యాయమూర్తులు స్వతంత్రంగా పరిశీలించాలని, ప్రత్యేక ప్రయోజనం ఉందని నిరూపించే భారం ప్రభుత్వ సంస్థదేనని స్పష్టం చేసింది. శాన్ డియాగోలో గోల్డెన్ హిల్ కాలనీవాసులు 2007లో ఏర్పడిన తమ డిస్ట్రిక్ట్ మీద వేసిన వ్యాజ్యంలో 2011లో అప్పీలు కోర్టు నగరానికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. సాధారణ ప్రయోజనాన్ని సరిగా వేరుచేయకపోవడం, నగరం తన ఆస్తుల తరఫున వేసుకున్న ఓట్ల బరువుకు తగిన ఆధారం చూపకపోవడం అందులో ప్రధాన లోపాలు. నగరం కూడా తన స్థలాలకు యజమానిగా ఓటు వేస్తుందన్న సంగతి, ఆ ఓటు ఫలితాన్ని తిప్పగలదన్న సంగతి ఆ తీర్పు గురించి చదివాకే నాకు తెలిసింది. మా నివేదికలో నగర ఉద్యానానికి ఎంత బరువు ఇచ్చారో నేను వెంటనే చూశాను. అది మూడు శాతం లోపే, కాబట్టి ఆ విషయంలో ఫిర్యాదు లేదు.

మా సలహా సంఘం గురించి ఒక మాట. రెండు నెలలకు ఒకసారి గ్రంథాలయం గదిలో సమావేశమవుతుంది. ఏడు కుర్చీల్లో ఎప్పుడూ నలుగురికి మించి ఉండరు. వచ్చేవారిలో ఎక్కువమంది విశ్రాంత ఉద్యోగులు. మన తెలుగువారి ఇళ్లు ఈ కాలనీలో పదుల సంఖ్యలో ఉన్నాయి, పండుగలకు వందమంది కలుస్తాం, ఆ గదిలో మాత్రం నేను ఒక్కణ్ణే. తీర్మానం చేసే అధికారం సంఘానికి లేదు, అది సిటీ కౌన్సిల్‌ది. అయినా కాంట్రాక్టరు పనిని నెలవారీగా తనిఖీ చేసే కాగితం ఆ సంఘం పట్టుబట్టడం వల్లే వచ్చింది.

వ్యాపార ప్రాంతాల్లో ఇదే పద్ధతికి మరో రూపం ఉంది. మా ఊరి నడిబొడ్డున దుకాణ భవనాల యజమానులు 1994 నాటి ఆస్తి, వ్యాపార అభివృద్ధి డిస్ట్రిక్ట్ చట్టం కింద ఒకటి నడుపుతున్నారు. అక్కడ రంగు చొక్కాల మనుషులు పొద్దున్నే నీటి పీడనంతో కాలిబాటలు కడుగుతారు, దారి తెలియనివారికి దారి చెబుతారు. టొరంటోలో 1970లో బ్లూర్ వెస్ట్ విలేజ్ వ్యాపారులు మొదలుపెట్టిన ఆలోచన ఇది. ఇప్పుడు న్యూయార్క్ ఒక్క నగరంలోనే ఇలాంటివి 70కి పైగా ఉన్నాయి. శుభ్రతలో మా కాలనీ డిస్ట్రిక్ట్ దానికి దరిదాపుల్లో లేదు, ఖర్చు చాలా తేడా కాబట్టి ఆ పోలిక న్యాయమూ కాదు. నేను గమనించిన అసలు తేడా గడువులో ఉంది. ఆ చట్టం కింద ఏర్పడాలంటే మొత్తం అసెస్‌మెంట్‌లో సగానికి పైగా కట్టబోయే యజమానులు ముందుగా సంతకాలు చేయాలి. మొదటి గడువు ఐదేళ్లకు మించకూడదు, తర్వాత పొడిగింపు పదేళ్ల వరకే. గడువు తీరినప్పుడల్లా నిర్వాహకులు పని చూపించి మళ్లీ సమ్మతి అడగాలి. మా డిస్ట్రిక్ట్‌కు గడువే లేదు. కౌన్సిల్ ఏటా విధింపు తీర్మానం చేస్తే చాలు, రేటు పెంచనంతవరకు యజమానులను మళ్లీ అడగనక్కరలేదు.

కొత్తగా ఇల్లు కొనేవారు అమ్మేవారి దగ్గర పాత ఆస్తిపన్ను బిల్లు అడిగి తీసుకుని, ఒక శాతం పన్ను కింద ఉన్న ప్రతి వరుసకూ పక్కనే ఉండే ఫోన్ నంబరుకు ఫోన్ చేయాలి. గరిష్ఠ రేటు ఎంత, ఇప్పుడు వేస్తున్నది ఎంత, ఏటా పెరుగుతుందా అన్న మూడు ప్రశ్నలు చాలు. సరికొత్త కాలనీలలో బిల్డరు ఒక్కడే యజమానిగా ఉన్నప్పుడు ఓటు ముగిసిపోతుంది, తర్వాత వచ్చేవారికి మిగిలేది కట్టడమే. కట్టకపోతే ఊరుకుంటారనుకోకూడదు. ఈ మొత్తం ఆస్తిపన్నుతోపాటే వసూలవుతుంది. డిసెంబరు 10, ఏప్రిల్ 10 గడువులు దాటితే పది శాతం జరిమానా పడుతుంది, బకాయి ఏళ్ల తరబడి అలాగే ఉంటే ఇల్లే వేలానికి వెళ్లగలదు.

ఐదు మార్కులకు వేయమంటే మొక్కలకు, శుభ్రతకు నాలుగు, దీపాలకు మూడు, జమాఖర్చుల నిజాయితీకి మూడున్నర వేస్తాను. అడుగుమట్టం కాపాడే విషయంలో నగరానికి ఒక్కటి మించి వేయలేను.

గత నెలలో కొత్త ఓటుపత్రం వచ్చింది. ఏటా 186 డాలర్ల రేటును 264కు పెంచి, ధరల సూచీ ప్రకారం ఏడాదికి మూడు శాతం మించకుండా పెరిగేలా అనుమతి అడుగుతున్నారు. పెంపు లెక్క నాకు న్యాయంగానే తోచింది. కొత్త నివేదికలో 14 చెట్లు మళ్లీ నాటే ఖర్చు, మూడేళ్లకు ఒకసారి కొమ్మలు కత్తిరించే ఖర్చు విడివిడిగా చూపారు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ మూడు శాతం. రేటు స్తంభించిపోవడం మా చెట్లను చంపింది, కానీ పదేళ్ల తర్వాత వాళ్లను మా గుమ్మం దగ్గరకు తీసుకొచ్చినది కూడా అదే. రేటు దానంతట అదే పెరిగే వెసులుబాటు ఇచ్చాక మళ్లీ మమ్మల్ని అడగవలసిన అవసరం వారికి ఉండదు. అందుకే నగరం మా వీధులకు సొంతంగా చేసే పనుల పట్టికను, యంత్రం ఎన్నిసార్లు తిరగాలో సహా, తుది నివేదికకు జతచేయమని నేనూ మరో పదకొండు ఇళ్లవారూ కలిసి రాశాం. పరిశీలిస్తామన్నారు. నేను అవునని గుర్తుపెట్టి, సంతకం చేసి, ఓటుపత్రం పంపేశాను. విచారణలో ప్రజల వాంగ్మూలం ముగిసేవరకు వేసిన ఓటును మార్చుకునే, వెనక్కి తీసుకునే హక్కు చట్టం ఇచ్చింది. ఆ సాయంత్రం పట్టిక నివేదికలో ఉందో లేదో చూసుకుని, లేకపోతే మాట్లాడే వంతు వచ్చినప్పుడు గుమాస్తాను రెండో ఓటుపత్రం అడుగుతాను.